పెద్ద యను మాట



పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ పేరు మీరందరును ఎరిగినదే. ఆ పేరును విడదీసిన పెను, కొండ యను రెండు మాటలు వచ్చును. పెను వనగా పెద్ద. రెండును కలిసినప్పుడు కొండలోని కకారము గకారమైనది. రాయలసీమలోని పెనుకొండ పేరును ఇట్టిదే. 1565లో తళ్లికోట యుద్ధమునకు పిమ్మట విజయనగర రాజులకు రాజధానియైన ఆ దుర్గమును సంస్కృతమున ఘనగిరి యనిరి.

ఈ పెను ఎక్కడిది? తెలుగు మాటలన్నియు సంస్కృతమునుండి పుట్టినవేయని పూర్వము పలువురు తలచెడివారు. క్యాంబెలు దొర 1816లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు దొర ఒక పీఠిక వ్రాసి, తెలుగు, అరవము, కన్నడము ఒక్క కుదురులోనివని చూపెను. మన మాటయే దీనికి సాక్షి. సంస్కృతమున మహత్ అందురు. అరవమున పెరియ, పాత కన్నడమున పిరిదు, పిదప పకారము హకారమై హిరియ. మన పెను, పెద్ద ఆ కుదురులోనివే. పెరుగుట యను క్రియయు వాని చుట్టమే.

తెలుగున ఈ మాట పెక్కు రూపములు దాల్చినది. హల్లు ముందు పెనుబాము, పెనుగాలి. అచ్చు ముందు పేరురము, పేరోలగము. పెద్ద, తండ్రి కలిసిన పెత్తండ్రి.

స్వీడను దేశమువారు పెద్ద యనుటకు స్టూర్ అందురు. పడవను చెప్పునప్పుడు స్టూర్, ఇంటిని చెప్పునప్పుడు స్టూర్ట్, ఇండ్లు పెక్కైనచో స్టూరా. మనకు పెద్ద పడవ, పెద్ద ఇల్లు, పెద్ద ఇండ్లు, మాట మారదు. కాని వాక్యము చివర నిలిచినప్పుడు మారును: పడవ పెద్దది, పడవలు పెద్దవి, ఆయన పెద్దవాడు. అంతేకాదు, నేను పెద్దను, నీవు పెద్దవు, మేము పెద్దలము. మాటలాడువాడెవడో, వినువాడెవడో ఆ చివరి అక్షరమే చెప్పును. స్వీడను మాటకు ఈ నేర్పు లేదు.

కొలతను దెలుపు ఈ మాట మనలో బాధ్యతను దెలుపు మాటయు నైనది. ఊరిలో తగవు పుట్టినచో "పెద్దలను పిలువుడు" అందుము. పెద్ద నిత్యము మన నోట నున్నది. పెను మాత్రము ఊళ్ల పేర్లలోను, కొన్ని సమాసములలోను నిలిచినది. ఆ పేర్ల యర్థమును మనుమలకు మీరు చెప్పనిచో మరియెవరు చెప్పుదురు? పెద్ద యను మాటకు తగిన పని యదియే కదా.