మెయిల్ సర్వర్‌ను ఆపే ముందు

దాళ్వా కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర గోదావరి కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, గుర్రపుడెక్క తొలగిస్తారు, లాకులూ షట్టర్లూ బాగుచేస్తారు. కట్టే తేదీ ముందే చెబుతారు కాబట్టి ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకుంటారు. సొంత మెయిల్ సర్వర్ ఉన్న ఆఫీసు, దాని డేటాబేస్‌ను (మెయిళ్లన్నీ దాచే పెద్ద ఫైలును) ఆపి బాగుచేయాలన్నా పద్ధతి ఇదే. తేడా ఒక్కటే. కాలువలకు ఆ పని తప్పదు, డేటాబేస్‌కు చాలాసార్లు అవసరమే ఉండదు.

ఎందుకుండదో చూద్దాం. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌నే తీసుకోండి. అందులో డేటాబేస్ చిన్న చిన్న పేజీలుగా ఉంటుంది. 2010 వెర్షన్ నుంచి ఒక్కో పేజీ 32 కిలోబైట్లు. మనం పూర్తిగా తీసేశామనుకున్న మెయిల్ కూడా మామూలు సెట్టింగ్ ప్రకారం 14 రోజులు లోపలే ఉంటుంది. ఆ తర్వాతే ఆ పేజీలు ఖాళీ అవుతాయి. అప్పుడూ ఫైలు సైజు తగ్గదు. కొత్త మెయిళ్లు ఆ ఖాళీలోనే సర్దుకుంటాయి. సర్వర్ నడుస్తుండగానే ఇదంతా దానంతటదే జరిగిపోతుంది. అందుకే ఫైలు పెద్దదిగా కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. లోపల ఖాళీ ఎంతుందో ముందు చూడాలి.

ఫైలు 200 జీబీ, అందులో ఖాళీ 20 జీబీ అనుకుందాం. దాన్ని అలాగే వదిలేయడం మేలు. పాత ఉద్యోగుల మెయిల్‌బాక్సులు పెద్దఎత్తున తీసేశాక ఖాళీ 130 జీబీ తేలితే మాత్రం ఆలోచించాలి. ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ (డేటాబేస్‌ను ఆపి, ఖాళీ పేజీలు వదిలేసి కొత్త ఫైలు రాయడం) అప్పుడు పనికొస్తుంది. మిగిలే 70 జీబీ కొత్త ఫైలుగా తయారవుతుంది. పని జరుగుతున్నంతసేపూ దానికి 110 శాతం, అంటే 77 జీబీ, డిస్క్‌లో ఖాళీ ఉండాలి. చాలామంది ప్రణాళిక ఇక్కడే తప్పుతుంది. డిస్క్ నిండిందనే కదా ఈ పని మొదలుపెట్టేది! చోటు లేకపోతే ముందు వేరే డిస్క్ తెచ్చిపెట్టుకోవాలి.

డీఫ్రాగ్ చేసేది ఈఎస్ఈయుటిల్ అనే పనిముట్టు. డేటాబేస్ 'క్లీన్ షట్‌డౌన్' స్థితిలో (పెండింగ్ మార్పులన్నీ ఫైలులోకి చేరి ఆగిన స్థితిలో) ఉందని తేల్చుకున్నాకే దీన్ని నడపాలి. ఇందులో ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. 'డీ' అని ఇస్తే సర్దుతుంది. 'పీ' అని ఇస్తే రిపేరు మొదలుపెడుతుంది, చదవలేని పేజీలను పారేస్తుంది. ఆ పారేసినవాటిలో ఎవరి మెయిళ్లున్నాయో తర్వాత తెలుసుకోవడం కష్టం.

ఇక వేళ సంగతి. రాత్రిపూట ఆపితే ఎవరికీ ఇబ్బంది ఉండదని అనుకుంటాం. భీమవరంలో అమెరికాకు రొయ్యలు ఎగుమతి చేసే ఆఫీసుకు ఈ లెక్క కుదరదు. ఇక్కడి రాత్రి అక్కడ పగలు, కొనేవాళ్లు మెయిళ్లు పంపే వేళ. అలాంటి ఆఫీసుకు ఆదివారం ఉదయం నయం, అమెరికాలో అప్పటికింకా శనివారం రాత్రే. వేసవిలో అయితే కరెంటు సంగతీ చూసుకోవాలి. పని గంటల తరబడి సాగుతుంది, యూపీఎస్ ఒక్కటే చాలదు.

ఆ గంటల్లో బయటి నుంచి వచ్చే మెయిళ్లు పోతాయేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు. అవతలి సర్వర్ వాటిని తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ పంపుతుంది. కనీసం 4, 5 రోజులు ప్రయత్నించాలని ఈమెయిల్ ప్రమాణాలే చెబుతున్నాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక పూర్తి బ్యాకప్, అయ్యాక వెంటనే మరొకటి తీయాలి. రెండోది ఎందుకంటే, డీఫ్రాగ్ తర్వాతి లాగ్‌లు (మార్పుల చిట్టాలు) పాత బ్యాకప్‌తో కలవవు.

నా మటుకు నేను ఇంకో దారి చెబుతాను. కొత్త డేటాబేస్ తెరిచి మెయిల్‌బాక్సులను ఒక్కొక్కటిగా అందులోకి మార్చాలి. 2010 వెర్షన్ నుంచి జనం పని చేసుకుంటుండగానే ఇది చేయవచ్చు. చివరికి పాత డేటాబేస్ తీసేస్తే చోటు తిరిగొస్తుంది. లాగ్‌లు మాత్రం బాగా పెరుగుతాయి, వాటికి చోటు చూసుకోవాలి. ఎక్స్ఛేంజ్ 2016, 2019 వెర్షన్లకు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది కాబట్టి వాటిని వాడే ఆఫీసులు ఎలాగూ కొత్త సర్వర్‌కో క్లౌడ్‌కో మారాల్సినవే. మారేటప్పుడు తరలేది మెయిల్‌బాక్సులే, ఖాళీ పేజీలు కావు.