నల్లరంగు లేని నీడలు

1890 వేసవి చివర్లో ఫ్రాన్సులోని జివెర్ని పల్లెలో, తన ఇంటి పక్క చేలో చిత్రకారుడు క్లాడ్ మోనే ఈజిల్ నిలబెట్టాడు. ఎదురుగా పొరుగు రైతు వేసిన గోధుమ కుప్పలు. నూర్పిళ్ల దాకా తడవకుండా పనలు గుండ్రంగా పేర్చి పైన గడ్డి కప్పినవి. అంతకుమించి అక్కడ చూడ్డానికేమీ లేదు.

మోనే చూసింది కుప్పల్ని కాదు, వాటి మీద పడే వెలుగుని. పొద్దుటి ఎండకో కాన్వాసు, సాయంత్రానికి మరొకటి. వెలుగు మారగానే చేతిలోది పక్కన పెట్టేసేవాడు. ఆయనకు సవతి కూతురు కాబోతున్న బ్లాన్ష్ కాన్వాసులు అందించేది. మరుసటి ఏడాదికి పాతిక దాకా చిత్రాలు తయారయ్యాయి. అన్నీ ఆరుబయటే పూర్తయ్యాయనుకోకూడదు. ఇంట్లో కూర్చుని చాలాకాలం దిద్దాడు.

ఈ చిత్రాల కిటుకంతా నీడల్లో ఉంది. చలికాలంలో మంచు మీద పడ్డ కుప్ప నీడ మనకు నల్లగా ఉంటుందనిపిస్తుంది. నిజానికి ఎండ తగలని ఆ చోటుకి ఆకాశం నుంచి వెలుగు వస్తుంది, అందుకే నీలంగా కనిపిస్తుంది. అంతేకాదు, పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మారుస్తాయని షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే పుస్తకం రాశాడు. నారింజ పక్కన నీలం పెడితే రెండూ మరింత మెరుస్తాయి. మోనే, ఆయన తోటి ఇంప్రెషనిస్టు చిత్రకారులు దీన్ని కుంచెతో చేసి చూపించారు: నునుపుగా కలిపేయకుండా పొట్టి పొట్టి గీతలుగా రంగు వేశారు, నలుపును వీలైనంత దూరం పెట్టారు.

మోనే మిత్రుడు పిస్సారో నీడతో ఇంకా ముందే చిక్కులో పడ్డాడు. 1873లో ఆయన గీసిన మంచుపట్టిన దుక్కిచేను చిత్రంలో, కట్టెల మోపుతో ఓ ముసలాయన నడుస్తుంటాడు. చాళ్ల మీద అడ్డంగా చెట్ల నీడలు పరుచుకుని ఉంటాయి. ఆ చెట్లు మాత్రం బొమ్మలో ఉండవు! 1874లో జరిగిన ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలో దీన్నే ఓ విమర్శకుడు పెద్ద తప్పుగా ఎత్తిచూపాడు. మరొకడైతే ఆ చాళ్లు రంగుపలక గీకిన మురికిలా ఉన్నాయని వెక్కిరించాడు. ఇవాళ చూస్తే, కనపడని ఆ చెట్ల వల్లే చేనుకి అంత విశాలత వచ్చింది.

1891 మేలో పారిస్‌లోని ద్యూరాన్-రుయెల్ గ్యాలరీలో మోనే కుప్పల చిత్రాలు 15 పెడితే ఇట్టే అమ్ముడుపోయాయి. 1896లో మాస్కోలో అలాంటి చిత్రమొకటి, తర్వాత చిత్రకారుడైన కాండిన్స్కీ కంటపడింది. కేటలాగు చూసేదాకా అది కుప్ప అని ఆయనకు తెలియలేదు. వస్తువు పోల్చుకోలేకపోయినందుకు ముందు చిరాకుపడ్డాడు, తర్వాత ఆ బొమ్మ బుర్రలోంచి పోలేదు. ఆ ఏడాదే న్యాయశాస్త్ర అధ్యాపక ఉద్యోగం వద్దనుకుని, చిత్రకళ నేర్చుకోవడానికి మ్యూనిక్ బయలుదేరాడు.