ఇంట్లో స్విమ్మింగ్ పూల్: నీళ్లు పచ్చబడితే ట్యాంకర్‌కు ఫోన్ చేసే ముందు ఫిల్టర్ చూడండి

ఎండాకాలం వస్తే విల్లాల్లో, ఫామ్‌హౌస్‌లలో, పూల్ ఉన్న అపార్ట్‌మెంట్లలో దాదాపు ఒకే కథ. రెండు మూడు వారాలు పిల్లలు హాయిగా ఈత కొడతారు. ఒకరోజు పొద్దున చూస్తే నీళ్లు పచ్చగా మారి ఉంటాయి. మొత్తం ఖాళీ చేయించి, మళ్లీ ట్యాంకర్లు పిలిపిస్తారు.

ఒకసారి లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న చిన్న పూల్‌లోనే 38,400 లీటర్లు పడతాయి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఎనిమిది కావాలి. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి ముదిరినప్పుడు అక్కడి జలమండలి స్విమ్మింగ్ పూల్స్‌కు తాగునీరు వాడొద్దని ఆదేశించింది. కాదని వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది.

ఫిల్టర్ సరైనదై, దాన్ని సరిగ్గా నడిపితే ఇలా మాటిమాటికీ నీళ్లు మార్చాల్సిన పని లేదు. ఆవిరైనంత, ఫిల్టర్ కడగడానికి పోయినంత మళ్లీ కలుపుకుంటే చాలు.

ఏ ఫిల్టర్ కొనాలి?

ఇళ్లలో వాడేవి ప్రధానంగా రెండు రకాలు: శాండ్ ఫిల్టర్, కార్ట్రిడ్జ్ ఫిల్టర్. శాండ్ ఫిల్టర్ అంటే ఇసుక నింపిన పెద్ద డ్రమ్ము. ఇది సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల కణాలను పట్టుకుంటుంది. కార్ట్రిడ్జ్ ఇంకా సన్నగా, 10 నుంచి 20 మైక్రాన్ల దాకా పడుతుంది. దాన్ని బయటికి తీసి పైపుతో కడిగితే సరిపోతుంది కాబట్టి నీళ్లు కూడా తక్కువ పోతాయి. డయాటమేషియస్ ఎర్త్ పొడితో పనిచేసే మూడో రకం ఒకటుంది. అది వీటికంటే సన్నగా వడకడుతుంది. కానీ ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. ఇంటికి ఆ తలనొప్పి అక్కర్లేదు.

మరి నీళ్లు ఆదా చేసే కార్ట్రిడ్జే మేలు కదా? మీరు పూల్‌ను ఏ నీళ్లతో నింపుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. బోరు నీళ్లు కఠినంగా ఉండే ప్రాంతాల్లో కుళాయిలకు, గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పొరే కార్ట్రిడ్జ్ మడతల్లోనూ పేరుకుంటుంది. అప్పుడది త్వరగా మూసుకుపోతుంది, కొత్తది కొనాల్సి వస్తుంది. బోరు నీళ్లు, దుమ్ము, చుట్టూ చెట్లు ఉన్న చోట శాండ్ ఫిల్టరే మొండిగా పనిచేస్తుంది. అందులోని ఇసుకను సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లకోసారి మారిస్తే చాలు. అది ఇళ్లు కట్టే ఇసుక కాదు, జల్లించి ఒకే సైజుకు తెచ్చిన సిలికా శాండ్. కట్టుబడి ఇసుక పోస్తే మట్టి అంతా పూల్‌లోకే వస్తుంది.

సైజు విషయంలోనే ఎక్కువ మంది మోసపోతారు. పూల్‌లోని నీరంతా ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా వెళ్లాలి. పైన చెప్పిన పూల్‌కు ఆరు గంటల లెక్కన గంటకు 6,400 లీటర్లు. 500 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న శాండ్ ఫిల్టర్‌ను గంటకు పది వేల లీటర్ల దాకా నడపొచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. నడపొచ్చు, కానీ నీరు ఎంత వేగంగా పోతే ఇసుక అంత తక్కువ పట్టుకుంటుంది. ఈ పూల్‌కే 600 మిల్లీమీటర్లది తీసుకుంటే నీరు నింపాదిగా వెళ్తుంది. పంప్ విషయంలో దీనికి రివర్స్: ఫిల్టర్ తట్టుకోగలిగిన దానికంటే పెద్ద పంప్ పెట్టొద్దు.

బ్యాక్‌వాష్ ఎప్పుడు చేయాలి?

‘ప్రతి ఆదివారం’ అనేది తప్పు సమాధానం. ఫిల్టర్ మీద ఉండే ప్రెజర్ గేజ్ చూడాలి. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు ముల్లు ఎంత చూపిస్తుందో స్కెచ్ పెన్‌తో అక్కడే రాసిపెట్టుకోండి. దానికంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయండి. ఒక్కో బ్యాక్‌వాష్‌కు దాదాపు 500 లీటర్లు పోతాయి. అదొక్కటే కాదు, కాస్త మురికి పట్టిన ఇసుక కొత్తగా కడిగిన ఇసుక కంటే బాగా వడకడుతుంది. అవసరం లేకుండా కడిగితే నీళ్లూ పోతాయి, వడపోతా తగ్గుతుంది.

పద్ధతి ఇదీ: ముందు పంప్ ఆపాలి. ఆ తర్వాతే వాల్వ్ హ్యాండిల్‌ను ‘బ్యాక్‌వాష్’కు తిప్పాలి. పంప్ నడుస్తుండగా తిప్పితే లోపలి గ్యాస్కెట్ పాడవుతుంది. గాజు గొట్టంలో నీరు తేటగా కనిపించేదాకా రెండు మూడు నిమిషాలు నడిపి, మళ్లీ పంప్ ఆపి, ‘రిన్స్’లో అర నిమిషం, చివరికి ‘ఫిల్టర్’లో పెట్టాలి. రిన్స్ ఎగ్గొడితే మిగిలిన మురికి తిరిగి పూల్‌లో పడుతుంది. బయటికొచ్చిన నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. నాలాలోకి వదలకుండా ఒకటి రెండు రోజులు ఎండలో నిల్వ ఉంచితే వాకిలి కడగడానికి పనికొస్తాయి.

నీళ్లు తేటగా ఉంటే సురక్షితమేనా?

కాదు. బ్యాక్టీరియా సైజు ఒకటి రెండు మైక్రాన్లు. ఇసుక దాన్ని ఆపలేదు. చంపాల్సింది క్లోరిన్. వెచ్చటి, క్లోరిన్ తక్కువ ఉన్న నీటిలో పెరిగి, ముక్కు ద్వారా మెదడుకు చేరే అమీబా వల్ల కేరళలో 2024, 2025లో మరణాలు సంభవించాయి. ఆ తర్వాత అక్కడి ఆరోగ్యశాఖ స్విమ్మింగ్ పూల్స్‌లో క్లోరినేషన్‌ను కచ్చితం చేసింది.

టెస్ట్ కిట్‌తో చూస్తే ఫ్రీ క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ 8 దాటితే మీరు వేసిన క్లోరిన్‌లో పావు వంతు కూడా చురుగ్గా పనిచేయదు. బోరు నీళ్లలో పీహెచ్ పెరుగుతూ ఉంటుంది కాబట్టి ‘రోజూ క్లోరిన్ వేస్తున్నా పచ్చబడుతోంది’ అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే. నెలల తరబడి క్లోరిన్ బిళ్లలే వాడితే మరో చిక్కు. ట్రైక్లోర్ బిళ్లల్లోని సయన్యూరిక్ ఆసిడ్ నీటిలో పేరుకుని క్లోరిన్‌ను మందగింపజేస్తుంది. అది బాగా పెరిగితే మాత్రం కొంత నీరు మార్చక తప్పదు.

ఇప్పటికే పచ్చబడి ఉంటే? ముందు పీహెచ్ దించండి. రాత్రిపూట క్లోరిన్ మోతాదు పెంచి, గోడలు బ్రష్‌తో రుద్ది, పంప్‌ను ఆపకుండా నడపండి. గేజ్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి. రెండు మూడు రోజుల్లో నీరు తేటపడటం మొదలవుతుంది. అడుగున ఉన్న డ్రెయిన్ మూత స్పష్టంగా కనిపించి, క్లోరిన్ మళ్లీ 3కు దిగేదాకా ఎవరినీ నీళ్లలోకి దింపొద్దు.

ఆ డ్రెయిన్ మూత గురించి ఇంకో మాట. ఫిల్టర్ పంప్ నీటిని లాగేది అక్కడి నుంచే. మూత విరిగితే ఆ లాగుడు పిల్లల జుట్టును, శరీరాన్ని పట్టేసి పైకి రానివ్వదు. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప ఇలాగే స్పా డ్రెయిన్‌కు అతుక్కుపోయి చనిపోయింది. ఆమె పేరుతోనే 2007లో అక్కడ చట్టం వచ్చింది. పూల్ కట్టించేటప్పుడే దూరదూరంగా రెండు డ్రెయిన్లు పెట్టించండి. పంప్ లైన్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. మూత కదులుతున్నా, స్క్రూ ఊడినా కొత్తది బిగించేదాకా పంప్ స్విచ్ వేయొద్దు, పిల్లల్ని దింపొద్దు.