బండరాళ్ళపై ప్రాకే బండికి వేగనియంత్రకము

రేడియో తరంగాలతో దూరమునుండి నడిపే బొమ్మకార్లను పాఠకులలో చాలమంది చూచియే ఉంటారు. వాటిలో పరుగుతో పనిలేని జాతి ఒకటి ఉన్నది. ట్రక్కు ఆకారములో ఉండి, నాలుగు చక్రాలకూ బలము అంది, మెత్తని పెద్ద టైర్లతో బండరాళ్ళమీద ఉడుమువలె మెల్లగా ప్రాకడమే దాని విద్య. ఇంగ్లీషులో దీనిని క్రాలరు అంటారు. అమెరికాలో యూటా రాష్ట్రపు మోయాబ్ వంటి చోట్ల నిజమైన జీపులతో రాళ్ళెక్కే వినోదము ఉన్నది. ఈ బండ్లలో చాలభాగము అట్టి జీపులకు పదోవంతు ప్రతిరూపములు.

ఇట్టి బండికి మోటారు, బాటరీ ఎన్నుకొనేటప్పుడు చూపే శ్రద్ధను ఆ రెంటినడుమ కూర్చునే చిన్న పెట్టెమీద చాలమంది చూపరు. అదే ఎలక్ట్రానిక్ వేగనియంత్రకము. పేరులో వేగమున్నది గాని, క్రాలరులో దాని అసలు పని నిదానము. పందెపు కారుకు తగిన నియంత్రకమును ఇందులో బిగిస్తే బండి వాలుమీద నిలువక జారవచ్చును. మోటారో, పెట్టెయో మాడిపోవచ్చును.

ఇది పనిచేసే తీరు చూతము. 1970, 80ల నాటి బొమ్మకార్లలో మోటారుకు ముందు ఒక నిరోధమును పెట్టి ప్రవాహమును తగ్గించేవారు. 12 వోల్టుల బాటరీనుండి మోటారుకు 6 వోల్టులే అందవలెనంటే మిగిలిన 6 వోల్టులు నిరోధములో పోవలెను. ప్రవాహము 10 ఆంపియర్లయితే 60 వాట్లు వట్టి వేడిగా వ్యర్థమవుతాయి. నేటి నియంత్రకములో ట్రాన్సిస్టరు మీటవలె పనిచేస్తుంది. సెకనుకు వేయిమార్లు, అంతకంటె ఎక్కువగా కూడ, ప్రవాహమును వదలి ఆపుతుంది. వదలిన కాలము ఎక్కువైతే వేగము ఎక్కువ, తక్కువైతే తక్కువ. ట్రాన్సిస్టరుల నిరోధము ఓములో వేయింట రెండు వంతులనుకొన్నా, 30 ఆంపియర్లకు అందులో పుట్టే వేడి రెండు వాట్లు కూడ కాదు. బండి మెల్లగా కదిలేటప్పుడు వినిపించే సన్నని కూత ఈ మీట చప్పుడే.

ఇక అసలు చిక్కు. తిరిగే మోటారు తానే ఒక డైనమోయై బాటరీకి ఎదురుగా వోల్టేజిని పుట్టిస్తుంది. చుట్టల నిరోధము 0.2 ఓము అనుకొందాము. 12 వోల్టుల బాటరీకి 11 వోల్టుల ఎదురు ఉంటే మిగిలినది ఒక వోల్టు. ప్రవాహము 5 ఆంపియర్లు. చక్రము రెండు రాళ్ళనడుమ ఇరుక్కొని మోటారు నిలిచిపోతే ఎదురు అనేదే ఉండదు. అప్పుడు ప్రవాహము 60 ఆంపియర్లు! అనగా 720 వాట్లు. ఇంట్లోని ఇస్త్రీపెట్టె వేడి పిడికెడు మోటారులో పుట్టినదన్నమాట. బాటరీ వోల్టేజి కొంత పడిపోవడముచేత నిజముగా ఇంతకు తక్కువే ఉన్నా, ప్రమాదము ప్రమాదమే. పందెపు కారుకు ఇది అరుదు, క్రాలరుకు నిత్యకృత్యము. పైగా పరుగెత్తే కారుకు ఎదురుగాలి చల్లదనమిస్తుంది. ప్రాకే బండికి ఆ గాలీ లేదు.

కాబట్టి పెట్టెమీద అచ్చువేసిన రెండు అంకెలలో పెద్దదానిని చూచి మోసపోరాదు. అది క్షణకాలము తట్టుకొనే ప్రవాహము. ఎడతెగక తట్టుకొనేది చిన్న అంకె. మోటారు నిలిచినప్పటి ప్రవాహముతో పోల్చవలసినది దానినే. 35, 45, 55 చుట్ల మోటార్లు అమ్ముతారు. చుట్లు పెరిగినకొద్దీ తీగ సన్నము, నిరోధము ఎక్కువ, వేగము తక్కువ. నియంత్రకముమీద భారమూ తక్కువే. మొదటిసారి కొనేవారికి 55 చుట్లదే మేలని నా అభిప్రాయము.

తరువాత చూడవలసినది నిలుపుదల. మీట వదలగానే క్రాలరు నియంత్రకము మోటారు రెండు కొనలను కలిపివేస్తుంది. సైకిలుకు డైనమో ఆనించి దీపము వెలిగిస్తే తొక్కడము బరువవుతుంది గదా! ఇదీ అంతే. బండి జారబోతే చక్రాలు మోటారును త్రిప్పుతాయి. మోటారు డైనమోయై వాటినే అడ్డుతుంది. కదలిక లేనిదే డైనమో లేదు, మరి పూర్తిగా నిలిపేదెవరు అని అడుగవచ్చును. నిజమే. మిగిలిన పని పళ్ళచక్రాల రాపిడిది. నిటారు వాలుమీద బండి కొంచెము కొంచెముగా దిగుతూనే ఉంటుంది. ఈ నిలుపుదల బలమును హెచ్చించే, తగ్గించే వీలున్న పెట్టెనే కొనవలెను. అదిగాక, పందెపు పెట్టెలలో వెనుకకు పోవలెనంటే ముందు బ్రేకు వేసి, మీట వదలి, మరల నొక్కవలెను. రాతి అంచున అంత వ్యవధి ఉండదు. ముందుకూ వెనుకకూ సూటిగా మారే అమరిక ఉండవలెను.

ముందుచక్రాలను త్రిప్పే సర్వో మోటారుకు కూడ విద్యుత్తు ఈ పెట్టెనుండే పోతుంది. ఆ భాగమును బి.ఇ.సి. అంటారు. చక్రము రాతిసందులో బిగిసినప్పుడు బలమైన సర్వో అనేక ఆంపియర్లు లాగుతుంది. బి.ఇ.సి. రెండు ఆంపియర్లదైతే వోల్టేజి పడి రేడియో గ్రాహకము ఆగిపోవును. బండి ఎందుకు నిలిచినదో తెలియక మోటారును నిందిస్తాము. అట్టిచోట బి.ఇ.సి.ని వేరుగా కొని పెట్టవచ్చును.

లిథియం బాటరీ వాడేవారు మరొకటి మరువరాదు. నిండిన ఘటము 4.2 వోల్టులు, 3 వోల్టులకు క్రిందికి దిగితే చెడుతుంది. అట్లు చెడిన బాటరీ ఉబ్బి, మరల విద్యుత్తు ఎక్కించేటప్పుడు అంటుకోవచ్చును. వోల్టేజి తగ్గగానే ప్రవాహమును ఆపే అమరిక నియంత్రకములో ఉంటుంది గాని, దానిని నికెల్ బాటరీ గుర్తువద్ద ఉంచితే లిథియమునకు ఆ రక్షణ అందదు. బండి కదలకముందే ఈ గుర్తు చూచుకోవలెను.

బ్రష్‌లు లేని మోటార్లు కూడ ఉన్నవి. వాటిలో స్థానమును తెలిపే సాధనము లేనివి అతి మెల్లగా తిరిగేటప్పుడు తడబడతాయి. ఎందుకనగా ఆ నియంత్రకము మోటారు స్థితిని గుర్తుపట్టేది పైన చెప్పిన ఎదురు వోల్టేజివల్లనే, మెల్లగా తిరిగినప్పుడు అది లేనట్లే. కొనదలచినవారు స్థానసూచకమున్నదే కొనవలెను.

అన్నీ బిగించిన తరువాత పది నిమిషాలు రాళ్ళమీద నడిపి, మోటారుకు జాగ్రత్తగా వేలు ఆనించి చూడండి. వేలు నిలువనంత వేడి ఉంటే వెంటనే నియంత్రకమును మార్చనక్కరలేదు. మోటారు ఇరుసుమీది చిన్న పళ్ళచక్రమును తీసి, రెండుమూడు పళ్ళు తక్కువ ఉన్నదానిని వేసి మరల నడిపి చూడవలెను.