వెంటపడటం ప్రేమ కాదు, హింసకు తొలి మెట్టు

సరిహద్దు గ్రామాలలో ఆడపిల్ల చదువు అంటే అనుదినం ఒక ప్రయాణం. యానాం నుండి కాకినాడకు, పర్లాకిమిడి నుండి పాతపట్నానికి, రాయచూరు వైపు పల్లెల నుండి కర్నూలుకు, ఇలా ఒక రాష్ట్రంలో నివసిస్తూ మరొక రాష్ట్రానికి చదువుకో, పనికో వెళ్ళివచ్చే యువతులు ఎందరో ఉన్నారు. ఆ దారిలో ఒకే వ్యక్తి రోజూ బస్టాండులో ఎదురుపడటం, అదే బస్సు ఎక్కడం, ఎవరి ద్వారానో ఫోను నంబరు సంపాదించి వేళకాని వేళ పిలవడం మొదలైతే పెద్దలు సాధారణంగా చెప్పే మాట ఒకటే: "పట్టించుకోకు, వాడే మానుకుంటాడు." చాలామంది మానుకోవచ్చు. మానుకోనివాని విషయంలో మాత్రం ఈ మౌనం అతనికి కాలాన్ని, ధైర్యాన్ని సమకూర్చిపెడుతుంది. అందుకే ఈ ప్రవర్తనను పోకిరీతనంగా గాక, హింసలో ఒక భాగంగా అర్థం చేసుకోవలసిన అవసరం ఉన్నది.

ఏది వెంటాడటం?

ఆంగ్లంలో స్టాకింగ్ అని పిలిచే ఈ నేరానికి మన చట్టం స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసిన తరువాత కూడా ఒక పురుషుడు ఆమెను అనుసరిస్తూ, పరిచయం పెంచుకునేందుకు పదే పదే ఆమెతో మాట్లాడటం గాని, మాట్లాడేందుకు ప్రయత్నించడం గాని నేరం. ఆమె ఇంటర్నెట్, ఈ-మెయిల్ వంటి సాధనాలను ఎలా వాడుతున్నదో నిఘా వేయడం కూడా నేరమే. ఇందులో ముఖ్యమైనవి రెండు అంశాలు. ఒకటి, ఆమె నిరాకరణ. రెండు, దానిని లెక్కచేయని పునరావృతి. విడివిడిగా చూస్తే ఒక ఫోను పిలుపు, ఒక ఉత్తరం, వీధి మలుపులో ఒక చూపు చిన్నవిగానే కనిపిస్తాయి. అన్నింటినీ ఒక వరుసలో పెట్టి చూసినప్పుడే వాటి అసలు రూపం బయటపడుతుంది.

హింసతో సంబంధం ఏమిటి?

వెంటాడేవాని దృష్టిలో స్త్రీ చెప్పిన "వద్దు" అనే మాటకు విలువ లేదు. ఆమె సమ్మతి తన పట్టుదలతో గెలుచుకోదగిన వస్తువని అతని భావన. క్రమంగా ఆమె వెళ్ళే దారి, వేళ, వేసుకునే దుస్తులు, మాట్లాడే స్నేహితులు, చివరకు చదువు కూడా అతనికి భయపడి మారిపోతాయి. చేయి చేసుకోకుండానే ఒక మనిషి జీవితాన్ని తన అదుపులోకి తెచ్చుకోవడం ఇది. గృహహింసకు, యాసిడ్ దాడులకు, హత్యలకు మూలంలో ఉన్నదీ ఇదే అధికార భావన. పత్రికలు "ప్రేమోన్మాది" అని రాసినంత మాత్రాన అందులో ప్రేమ ఉన్నట్లు కాదు.

1996 జనవరిలో ఢిల్లీలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని తన ఇంటిలోనే అత్యాచారానికి, హత్యకు గురైంది. హంతకుడు ఆమె కళాశాలలోనే చదివిన సీనియర్ విద్యార్థి, ఒక పోలీసు అధికారి కుమారుడు. అంతకు ముందు అతను వెంటాడుతున్నాడని ఆమె ఒకటికి మించిన పోలీసు స్టేషన్లలో ఫిర్యాదు చేసింది. ఆమెకు రక్షకుని కూడా నియమించారు. అయినా ప్రాణం దక్కలేదు. 1999లో నిందితుడు విడుదలయ్యాడు. 2006లో ఢిల్లీ హైకోర్టు అతనిని దోషిగా తేల్చి మరణశిక్ష విధించగా, 2010లో సుప్రీంకోర్టు దానిని యావజ్జీవ శిక్షగా మార్చింది.

2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు మరణించారు. నిందితులు ముగ్గురూ విచారణకు ముందే పోలీసు కాల్పులలో చనిపోయారు. దాడికి పూర్వం ఏయే హెచ్చరికలు వచ్చాయి, ఎవరు ఎక్కడ ఆపి ఉండవచ్చు అన్న ప్రశ్నలు నిందితుల విచారణలో తేలే అవకాశమే లేకపోయింది. 2022 అక్టోబరులో చెన్నైలోని ఒక రైల్వే స్టేషన్‌లో ఒక కళాశాల విద్యార్థినిని, ఆమె వెంటపడుతున్న యువకుడే కదిలే రైలు ముందుకు తోసి చంపాడు. 2024 డిసెంబరులో న్యాయస్థానం అతనిని దోషిగా నిర్ధారించింది.

అమెరికాలో 1999లో వెలువడిన ఒక పరిశోధన, భర్త లేదా సన్నిహిత సహచరుని చేతిలో హత్యకు గురైన స్త్రీల వివరాలను పది నగరాలలో పరిశీలించింది. వారిలో నూటికి 76 మంది మరణానికి ముందు 12 నెలల కాలంలో అదే వ్యక్తి చేత వెంటాడబడినవారే. వెంటాడే ప్రతివాడూ హంతకుడవుతాడని దీని అర్థం కాదు. హత్యకు ముందు ఈ హెచ్చరిక కనిపించిన సందర్భాలు ఎంత ఎక్కువో ఇది చెబుతున్నది.

చట్టం వచ్చిన తీరు

2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన అనంతరం జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘం 2013 జనవరిలో నివేదిక సమర్పించింది. ఆ సంవత్సరమే భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షను చేరి, వెంటాడటం ప్రత్యేక నేరమైంది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షను అమలులోకి వచ్చింది. దీని ప్రకారం మొదటిసారి నేరం రుజువైతే 3 సంవత్సరాల వరకు, మళ్ళీ చేస్తే 5 సంవత్సరాల వరకు జైలుశిక్షతో పాటు జరిమానా ఉంటుంది. 18 సంవత్సరాలు నిండని పిల్లలను లైంగిక ఉద్దేశంతో వెంటాడితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. అది బాలురకు కూడా రక్షణ కల్పిస్తున్నది.

సరిహద్దు అడ్డు కాదు

మన కుటుంబాలకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇక్కడే. అమ్మాయి ఉండేది ఒక రాష్ట్రం, ఘటన జరిగింది వేరొక రాష్ట్రం. "ఇది మా పరిధి కాదు" అన్న మాట విని వెనుదిరగవలసిన పని లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతున్నది. దీనినే వాడుకలో జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. బాధితురాలే స్వయంగా చెప్పినప్పుడు మహిళా అధికారి నమోదు చేయాలి. సాక్ష్యం కోసం స్త్రీని ఆమె నివాసానికే వచ్చి విచారించాలి తప్ప స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టరాదు.

రెండవ చిక్కు భాష. మన మాట తెలుగు, స్టేషన్ రాత కన్నడమో, ఒడియానో, తమిళమో, మరాఠీయో. రాసుకున్నదానిని చదివి వినిపించడం, దాని ప్రతిని ఉచితంగా ఇవ్వడం పోలీసుల బాధ్యత. ఆ భాష తెలిసిన బంధువునో, ఉపాధ్యాయునో వెంట తీసుకువెళ్ళి, అర్థం తెలుసుకున్న తరువాతే సంతకం చేయాలి. స్టేషన్‌లో నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలా ద్వారా పంపవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి న్యాయసేవాధికార సంస్థ నుండి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది. దాని నంబరు 15100.

సరిహద్దు దాటి కాపురానికి వెళ్ళి, హింస భరించలేక పుట్టింటికి వచ్చిన ఆడపడుచును భర్త వెంటాడితే 2005 నాటి గృహహింస నిరోధక చట్టం తోడ్పడుతుంది. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊరి న్యాయస్థానంలోనే రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఏ రూపంలోనూ ఆమెను సంప్రదించరాదని న్యాయస్థానం ఆదేశించవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది.

కుటుంబం ఏమి చేయాలి?

విషయం ఇంట్లో చెప్పిన వెంటనే చదువు మాన్పించడం, తొందరపడి పెళ్ళి చేయడం చాలాచోట్ల జరుగుతున్నది. తప్పు చేసినవాడు వీధిలో, చేయనిది గదిలో! ఇది చూసిన చెల్లెలు రేపు తనకు కష్టం వస్తే నోరు విప్పదు. కాబట్టి మొదట అమ్మాయి మాట నమ్మాలి. "నువ్వేం చేశావు?" అన్న ప్రశ్న అడగరాదు.

ఇష్టం లేదన్న సంగతిని ఒక్కసారి స్పష్టంగా, వీలైతే సందేశం రూపంలో గాని, సాక్షి ఎదుట గాని చెప్పాలి. ఆ తరువాత వాదనకు, బతిమాలటానికి దిగవద్దు. తేదీ, సమయం, స్థలం, చూసినవారి పేర్లు ఒక పుస్తకంలో రాసుకోవాలి. సందేశాలు, పిలుపుల వివరాలు చెరిపివేయరాదు. "చివరిసారి ఒక్కసారి మాట్లాడాలి" అన్న కబురుకు ఒంటరిగా వెళ్ళరాదు. చంపుతాననో, చచ్చిపోతాననో బెదిరించినా, ఇంటి ఆవరణలోకి వచ్చినా, ఆయుధం చూపినా ఇక ఆలస్యం పనికిరాదు. అత్యవసరానికి 112, మహిళా సహాయానికి 181, సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబర్లు ఉన్నాయి.

గ్రామ పెద్దలు క్షమాపణ చెప్పించి రాజీ కుదిర్చితే సరిపోతుందనుకోవడం కూడా ప్రమాదమే. రాజీ తరువాత అతని ప్రవర్తనను గమనించే బాధ్యత ఎవరికీ ఉండదు. పోలీసు రికార్డు ఉంటే మరోసారి జరిగినప్పుడు కథ మొదటి నుండి చెప్పుకోవలసిన పని ఉండదు.

ఇక మగపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. కాదన్న అమ్మాయి వెంట నెలల తరబడి తిరిగితే చివరకు ఆమె మనసు కరుగుతుందని మన సినిమాలు ఎన్నో ఏళ్ళుగా నేర్పుతున్నాయి. ఆ పాఠాన్ని సరిదిద్దవలసినది ఇల్లే. "కాదు" అన్న మాటను గౌరవించడం పరాజయం కాదని, మర్యాద అని కొడుకుకు చిన్ననాడే చెప్పగలిగితే ఎవరి కూతురు ప్రయాణమైనా నిర్భయంగా సాగుతుంది.