గ్యాస్ గీజర్ బిగించే ముందు మీ ఇల్లు సిద్ధంగా ఉందా?

డిశ్చార్జి కాగితాలు చేతికి ఇచ్చేటప్పుడు బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, ఇంటికి వెళ్ళాక వేడినీళ్ళ స్నానం చేయించవచ్చా?" డాక్టరుగారు వద్దనకపోతే తప్పకుండా చేయించవచ్చు. ఆ వేడినీళ్ళ కోసమే గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ వైపు అద్దె పోర్షన్లలోనూ, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలోనూ గ్యాస్ గీజర్లు పెట్టుకుంటున్నారు. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు వస్తాయి. కరెంటు పోయినా ఇబ్బంది లేదు. అయితే గీజర్ కొనే ముందు దానిని పెట్టే చోటు చూసుకోవాలి. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం డిసెంబరులో ఒక బాలింతను ఆటోలో తీసుకువచ్చారు. స్నానానికి వెళ్ళి పడిపోయింది. ఫిట్స్ అనుకున్నారు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో 99 చూపించింది. డాక్టరుగారు ఆమె అత్తగారిని ఒకే మాట అడిగారు: "మీ బాత్‌రూమ్‌లో నీళ్ళు దేనితో కాగుతాయమ్మా?" గ్యాస్ గీజర్ లోపలే ఉంది. బాలింతకు చలిగాలి తగలకూడదని వెంటిలేటరు కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టారు. పాలకోసం పాప ఏడ్చింది కాబట్టి తలుపు తట్టారు. లేకపోతే ఇంకా ఆలస్యమయ్యేది. ఆ తల్లి బ్రతికి ఇంటికి వెళ్ళింది. అట్టముక్క పెట్టింది ప్రేమతోనే. ప్రమాదం సంగతి వారికి తెలియదు, అంతే.

అసలు ఏం జరుగుతుంది?

ఒక లీటరు వంటగ్యాసు పూర్తిగా మండాలంటే దాదాపు 25 నుంచి 30 లీటర్ల గాలి కావాలి. మూసిన చిన్న గదిలో ఆ గాలి త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు గ్యాసు సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే మనకు తెలియాలని గ్యాసులో ఘాటైన వాసన కలుపుతారు. ఈ విషవాయువుకు అలాంటి హెచ్చరిక ఏమీ ఉండదు.

మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. మామూలు ఆక్సిజన్ మీటరు ఈ తేడాను గుర్తించలేక అంకె బాగానే చూపిస్తుంది. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు, పసిపిల్లలకు, గుండెజబ్బు, రక్తహీనత ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ.

బిగించే ముందు చేయవలసినవి

1. గీజర్‌ను బాత్‌రూమ్ లోపల పెట్టవద్దు. బాల్కనీలోనో, గాలి ధారాళంగా ఆడే వాష్ ఏరియాలోనో బిగించి, వేడినీళ్ళను మాత్రమే పైపు ద్వారా లోపలికి తెచ్చుకోండి. వాష్ ఏరియాకు అద్దాలు, షీట్లు వేసి మూసివేసి ఉంటే అది కూడా గదితో సమానమే.

2. వేడిగాలి బాత్‌రూమ్ కిటికీలోకో, పడకగది కిటికీలోకో, పక్కింటివారి కిటికీలోకో తిరిగి రాకుండా చోటు చూసుకోండి. పొగగొట్టం ఉన్న రకమైతే దాని చివర ఆరుబయటికే ఉండాలి.

3. సిలిండరును నిలువుగా, బాత్‌రూమ్ బయట పెట్టండి. స్టవ్ పైపుకు టీ జాయింట్ వేసి గీజరుకు గ్యాసు లాగవద్దు. గ్యాసు పనిని మీ ఏజెన్సీ మెకానిక్‌తోనే చేయించుకోండి. ఐఎస్ఐ గుర్తు ఉన్న పైపే వాడి, గడువు తీరగానే మార్చండి.

4. పైపు గ్యాసు కనెక్షన్ ఉన్నవారు సిలిండరు గ్యాసు కోసం చేసిన గీజర్‌ను నేరుగా దానికి తగిలించకూడదు. రెండు గ్యాసులూ వేరు.

5. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం చేయడానికి, పైపు వేయడానికి ఓనరుగారితో ముందే మాట్లాడండి. అనుమతి దొరకలేదని గీజర్‌ను లోపల పెట్టుకోవద్దు.

బయట చోటు లేకపోతే గ్యాస్ గీజర్ మీ ఇంటికి సరిపోదు. స్టవ్ మీద కాచి బకెట్‌లో పోసుకోండి, లేదా సరైన ఎర్తింగ్ చేయించి కరెంటు గీజర్ పెట్టుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ధైర్యం చేయవద్దు.

ఇప్పటికే లోపల ఉంటే

దానిని బయటికి మార్పించండి. అంతవరకు తలుపు, కిటికీ తెరిచి బకెట్ నింపుకొని, గీజర్ ఆపి, కాసేపు గాలి ఆడనిచ్చి, ఆ తరువాతే స్నానానికి వెళ్ళండి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారినా, మసి కనిపించినా వాడటం ఆపి మెకానిక్‌ను పిలవండి. రోగికి స్నానం చేయించే ముందు నీటి వేడిని మీ మోచేతితో చూడండి. షుగరు ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గి, కాలినా తెలియకపోవచ్చు.

ఈ లక్షణాలను తేలికగా తీసుకోవద్దు

స్నానంలో గానీ, తరువాత గానీ తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళలో నీరసం, మాట తడబడటం కనిపిస్తే ఖాళీ కడుపు వల్ల అనుకోకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేలా ఉంటే మరీ అనుమానించండి.

ఎవరైనా పడిపోతే

వెంటనే తలుపు తెరవండి, అవసరమైతే పగలగొట్టండి. మనిషిని ఆరుబయటికి తీసుకురండి. మీరు కూడా లోపల ఆగవద్దు. ఇంకొకరు రెగ్యులేటర్ కట్టేసి 108కి ఫోన్ చేయాలి. శ్వాస ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. శ్వాస లేకపోతే 108 వారు ఫోనులో చెప్పినట్లు ఛాతీ మధ్య నొక్కడం మొదలుపెట్టండి. నీళ్ళు తాగించడం, ఉల్లిపాయ వాసన చూపించడం వంటివి చేస్తూ సమయం పోగొట్టవద్దు. తెలివి వచ్చినా ఆసుపత్రికి తీసుకురండి. మతిమరుపు, తికమక వంటి ఇబ్బందులు కొన్ని రోజుల తరువాత కూడా బయటపడవచ్చు. రాగానే "గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్‌లో పడిపోయారు" అని మాకు చెప్పండి. ఆ ఒక్క మాటతో మాస్కు ద్వారా ఎక్కువ ఆక్సిజన్ పెట్టడం, తగిన రక్తపరీక్ష చేయడం వెంటనే మొదలవుతుంది.

గ్యాసు వాసన వస్తే మాత్రం స్విచ్‌లు ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

మీ రోగి ఇంటికి రాకముందే ఒకరు వెళ్ళి బాత్‌రూమ్ చూసి రండి. వెంటిలేటరుకు అట్ట గానీ, పాత పేపరు గానీ అడ్డం ఉంటే ఈ రోజే తీసేయండి.