గొడ్ల చావిడికి సున్నం ఎందుకు?

పల్నాడు జిల్లా వెల్దుర్తిలో ఉగాది వచ్చేసరికి ఎండ ముదురుతుంది. ఇంట్లో ఉన్నవి ఒకటి రెండు గేదెలే అయినా, ఆలోపే చావిడిని సిద్ధం చేసుకోవాలి. గేదె తోలు నలుపు, ఎండవేడిని బాగా పీల్చుకుంటుంది. చెమట గ్రంథులేమో ఆవుకంటే తక్కువ. అందుకే దానికి నీడ, నీళ్లు రెండూ తప్పనిసరి. రేకుల కప్పు మీద వరిగడ్డో తాటాకో పరిస్తే లోపలికి దిగే వేడి తగ్గుతుంది.

ఇక గోడలు. పగుళ్లలోకి టార్చిలైటు వేసి చూడండి, గోమార్లు అక్కడే దాక్కుంటాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారు గేదె మీంచి రాలి, అలాంటి సందుల్లోనే వేల గుడ్లు పెడుతుంది. మందు పిచికారీ సంగతి తర్వాత. ముందు పగుళ్లు పూడ్చి, వెల్ల వేయమంటాను.

సున్నం కోసం దూరం వెళ్లక్కర్లేదు. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయిని కాలుస్తారు. అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి రాతిసున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే సలసలా మరుగుతుంది. ఆ పని పెద్దవాళ్లదే, కంట్లో చిందితే చూపు పోవచ్చు. తడిసున్నానికి క్షారగుణం ఎక్కువ, చాలా సూక్ష్మజీవులు అందులో బతకలేవు. ఆరేకొద్దీ అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి పీల్చుకుని, గోడ మీద పలుచటి రాతిపొరగా మారిపోతుంది! బయటి గోడలకూ వేస్తే ఆ తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. వెల్ల పూర్తిగా ఆరాకే గొడ్లను లోపల కట్టాలి.